పిట్ట మసకగా వస్తోంది, పెద్ద లెన్స్ కొనాలా?

ప్రశ్న: చిన్నప్పటి నుంచీ నాకు పక్షులంటే ఇష్టం. ఆరు నెలల క్రితం ఏపీఎస్-సి సెన్సర్ ఉన్న మిర్రర్‌లెస్ కెమెరా, ఒక 70-300 మి.మీ. జూమ్ లెన్స్ కొన్నాను. ఆటో మోడ్‌లోనే తీస్తున్నాను. పిట్ట ఎక్కడో చుక్కలా వస్తోంది, క్రాప్ చేస్తే మసక. ఎగిరే పక్షి ఒక్కటీ సరిగ్గా రాలేదు. 600 మి.మీ. లెన్స్ లేకపోతే లాభం లేదని తెలిసినవాళ్లు అంటున్నారు. అప్పు చేసైనా కొనాలా, ఇది నా వల్ల కాదని వదిలేయాలా? ట్రైపాడ్ తప్పనిసరా? మా పెరటి చెట్టు మీద ఒక జంట గూడు కట్టుకుంది, వాటిని తీస్తూ నేర్చుకోవచ్చా? నాలుగు ఫొటోలు జత చేస్తున్నాను. చూసి చెప్పండి. (పేరు వద్దన్న పాఠకులు)

సమాధానం: ముందు అప్పు సంగతి. చేయకండి. ఇవాళ 600 మి.మీ. లెన్స్ మీ చేతికొచ్చినా ఫొటోలు ఇంతకన్నా బాగా రావు, ఇంకాస్త ఘోరంగా రావచ్చు కూడా. మీరు పంపిన నాలుగు ఫొటోలూ చూశాకే ఈ మాట అంటున్నాను. నాలుగూ మసకగానే ఉన్నాయి, నిజమే. కానీ నాలుగూ ఒకే రకం మసక కాదు. కొత్తగా మొదలుపెట్టినవాళ్లకు ఈ తేడా చెప్పేవాళ్లు తక్కువ. "షార్ప్‌గా లేదు" అని ఒక్క మాటలో తేల్చేసి నేరం లెన్స్ మీదకు నెట్టేస్తారు.

మొదటిది లకుముకి పిట్ట. ఫొటోను కంప్యూటర్‌లో పెద్దది చేసి, పిట్టను వదిలేసి దాని వెనకున్న ఆకుల్ని చూడండి. ఈనెలతో సహా స్పష్టంగా ఉన్నాయి. అంటే లెన్స్ తన పని తాను బాగానే చేసింది, ఫోకస్ వెళ్లి ఆకుల మీద పడింది. ఆటో మోడ్‌లో ఎక్కడ ఫోకస్ చేయాలో కెమెరాయే నిర్ణయించుకుంటుంది. మీకు కావలసింది ఆకులు కాదు, పిట్ట అని దానికెలా తెలుస్తుంది? మెనూలో పక్షుల కన్ను గుర్తించే సదుపాయం ఉందేమో వెతికి ఆన్ చేయండి. లేకపోతే సింగిల్ పాయింట్ ఫోకస్ పెట్టుకుని, ఆ చిన్న గడిని పిట్ట కంటి మీద నిలపండి, అంత వీలుకాకపోతే మెడ మీద. కొమ్మల గుబురులో ఉన్న పిట్ట దగ్గర కన్ను గుర్తించే కెమెరా కూడా తికమకపడుతుంది, అక్కడ సింగిల్ పాయింటే నమ్మకం. ఇంత పట్టింపు ఎందుకంటే, మీ లెన్స్‌ను 300 దగ్గర ఎఫ్/5.6లో (లెన్స్ ఎంత తెరుచుకుందో చెప్పే అంకె ఇది) పెట్టి 5 మీటర్ల దూరంలోని పిట్టను తీస్తే, ముందు నుంచి వెనక్కి స్పష్టంగా వచ్చే మందం సుమారు 6 సెంటీమీటర్లు మాత్రమే. తోక మసకబారినా ఎవరూ పట్టించుకోరు. కన్ను మసకబారితే ఆ ఫొటో పోయినట్టే.

రెండోది నీటి ఒడ్డున నిలబడ్డ కొంగ. అందులో కొంగతో పాటు గడ్డీ, రాళ్లూ, నీటి మీది మెరుపులూ అన్నీ ఒకే వైపుకు సాగినట్టున్నాయి. కదిలింది కొంగ కాదు, మీ చెయ్యి. ఫైల్ వివరాల్లో షట్టర్ స్పీడ్ (షట్టర్ తెరిచి ఉండే సమయం, సెకన్లలో) 1/160 అని ఉంది. పాతకాలం నుంచీ ఫొటోగ్రాఫర్లు వాడే ఒక లెక్క ఉంది: షట్టర్ స్పీడ్‌లో కింద ఉండే అంకె, లెన్స్‌ను ఎన్ని మి.మీ. దగ్గర వాడుతున్నామో ఆ అంకెకన్నా తగ్గకూడదు. మీది ఏపీఎస్-సి సెన్సర్, అంటే పాత ఫిల్మ్ ఫ్రేము కన్నా చిన్నది, కాబట్టి 300ను ఒకటిన్నరతో గుణించాలి, 450 అవుతుంది. అంటే మీకు కనీసం 1/500 కావాలి. లెన్స్‌లో స్టెబిలైజేషన్ (చేతి వణుకును సర్దే ఏర్పాటు) ఉంటే ఇంకాస్త తగ్గినా నడుస్తుంది. మరి 600 మి.మీ. లెన్స్‌తో అయితే? కనీసం 1/1000. చేతి వణుకు అక్కడ ఇంకా పెద్దదై కనిపిస్తుంది.

మూడోది పిచుక. కొమ్మ స్పష్టంగా ఉంది, కాళ్లూ స్పష్టంగా ఉన్నాయి, తల మాత్రం చెరిపేసినట్టుంది. ఇక్కడ మీ చెయ్యి కుదురుగానే ఉంది, తల తిప్పింది పిచుక. 1/250 సరిపోలేదు. స్టెబిలైజేషన్ కెమెరా కదలికనే సర్దుతుంది, పిట్ట కదలికను ఆపలేదు. చిన్న పిట్టలు కూర్చున్నా కుదురుగా ఉండవు కాబట్టి వాటికి 1/1000 వాడండి.

నాలుగోది మైదానం అవతలి చెట్టు మీద గద్ద. అందులో ఏదీ స్పష్టంగా లేదు, ఏదీ ఒక వైపుకు సాగీ లేదు. అంతా ఉడుకుతున్నట్టుంది. తీసిన సమయం మధ్యాహ్నం ఒంటిగంటన్నర. కాలిన నేల మీద నుంచి లేచే వేడి గాలి, కాంతిని అటూ ఇటూ వంచేస్తుంది. ఎంత గొప్ప లెన్స్ పెట్టినా ఆ గాలిలోంచే చూడాలి కదా. పైగా పెద్ద లెన్స్ గద్దతో పాటు ఆ అలల్నీ పెద్దవి చేసి చూపిస్తుంది. దీనికి మందు ఒకటే, పొద్దున్నే వెళ్లడం, లేదా దగ్గరగా ఉన్నదాన్ని తీయడం.

ఈ నాలుగింట్లో 600 మి.మీ. లెన్స్ బాగుచేసేది ఏది? ఒక్కటీ లేదు. ఇకపై మసక ఫొటో వస్తే వెంటనే తీసేయకుండా, ఈ నాలుగింట్లో ఏ రకమో తేల్చుకున్నాకే తీసేయండి. కొన్ని వారాలు ఇలా చేస్తే, మీ చెయ్యి ఎక్కడ తడబడుతోందో మీకే తెలుస్తుంది. నా దృష్టిలో ఇంతకు మించిన కోర్సు లేదు.

"చుక్కలా వస్తోంది" అన్నారు. అది వేరే సమస్య, దాని గురించి కాస్త వివరంగా మాట్లాడాలి. 20 మీటర్ల దూరంలోని పిట్టను 300కు బదులు 600తో తీస్తే పొడవులో రెండింతలు, వైశాల్యంలో నాలుగింతలు పెద్దగా వస్తుంది. మీ 300తోనే 10 మీటర్ల దాకా వెళ్లగలిగితే సరిగ్గా అంతే పెద్దగా వస్తుంది. పైగా మధ్యలో గాలి సగమే ఉంటుంది కాబట్టి ఫొటో ఇంకా శుభ్రంగా ఉంటుంది. ఆ పది మీటర్లు దగ్గరికి వెళ్లడం నేర్చుకోవడమే ఈ విద్యలో సగం. బెరుకు తక్కువైన పక్షులతో మొదలుపెట్టండి: కాకులు, పావురాలు, పిచుకలు, మనుషులకు అలవాటుపడ్డ చెరువు బాతులు. "కాకి ఫొటో ఎవరు చూస్తారు?" అనుకోకండి. నల్లటి రెక్కల మీద నీలం, ఊదా మెరుపులు పోకుండా కాకిని తీయడం అందమైన రంగుల పిట్టను తీయడం కన్నా కష్టం. అది వస్తే మిగతావన్నీ తేలిక.

నేరుగా పక్షి వైపు నడవకండి. మరో చోటికి పోతున్నట్టు వాలుగా నడుస్తూ, ఆగుతూ, మళ్లీ కాస్త నడుస్తూ వెళ్లండి. మేత ఆపి మెడ చాచి మిమ్మల్నే చూస్తోందంటే మీరు హద్దు దాటారన్నమాట. అక్కడే ఆగండి, వీలైతే రెండడుగులు వెనక్కి వేయండి. మళ్లీ మేతలో పడితే సరే, లేకపోతే ఆ పూటకు దాన్ని వదిలేయండి. అన్నిటికన్నా మేలైన పద్ధతి అసలు వెంబడించకపోవడం. పక్షులు వచ్చిపోయే చోట ముందే వెళ్లి, నేల మీద కదలకుండా కూర్చోండి. నిలబడ్డ మనిషికి బెదిరే పక్షి, కూర్చున్న మనిషిని కాసేపటికి మరిచిపోతుంది. కారు కూడా మంచి చాటు. ఇంజన్ ఆపేసి, కిటికీ అంచు మీద ఏదైనా మెత్తటి సంచి వేసి దాని మీద లెన్స్ ఆనించండి. ఇంగ్లండ్‌కు చెందిన రిచర్డ్, చెర్రీ కీర్టన్ సోదరులు 1900 ప్రాంతంలో ఇదే పని కోసం ఎద్దు చర్మంతో బోలుగా ఉండే ఎద్దును చేయించుకుని, అందులో దూరి కెమెరా పెట్టుకున్నారు. మనకు కారు ఉంది, వాళ్లకన్నా సుఖం.

నేల మీద కూర్చోవడంలో ఇంకో లాభం ఉంది. పక్షి కంటి ఎత్తుకు మీ లెన్స్ వస్తుంది. నిలబడి కిందికి చూస్తూ తీసిన బాతు ఫొటోలో బాతు వీపు, నేల తప్ప ఇంకేమీ ఉండవు. అదే బాతును పడుకుని తీస్తే దాని వెనక నేల దూరంగా జరిగి మెత్తటి రంగుగా మారిపోతుంది. చాలామంది ఖరీదైన లెన్స్ మహిమ అనుకునేది ఎక్కువగా ఈ ఎత్తు మహిమే. బట్టలకు మట్టి అంటుతుంది, అంటనివ్వండి.

వెలుతురు గురించి ఎంతైనా రాయవచ్చు కానీ మీకు ఇప్పుడు ఒక్క సూత్రం చాలు: మీ నీడ పక్షి వైపు పడేలా నిలబడండి. అప్పుడు సూర్యుడు మీ వెనక ఉంటాడు, పక్షి ఈకల మీద వెలుతురు పడుతుంది, కంట్లో చిన్న మెరుపు వస్తుంది. ఆ మెరుపు లేకపోతే పక్షి ప్రాణం లేని బొమ్మలా కనిపిస్తుంది. సూర్యోదయం తర్వాతి రెండు గంటలు, సాయంత్రం చివరి రెండు గంటలు మంచి సమయం. మబ్బు పట్టిన రోజున ఇంట్లో కూర్చోకండి, తెల్ల కొంగను తీయడానికి అంతకన్నా మంచి వెలుతురు దొరకదు.

ఇక సెట్టింగులు. ఆటో మోడ్‌కు ఇవాళే సెలవు చెప్పండి. టెన్షన్ పడాల్సిన పనేమీ లేదు, మీరు మార్చేది ఒకటి రెండే. మాన్యువల్ మోడ్ పెట్టి, ఐఎస్‌ఓను (అందిన వెలుతురును కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) మాత్రం ఆటోలో ఉంచండి, దాని గరిష్ఠ పరిమితి 6400 పెట్టండి. అపర్చర్ మీ లెన్స్ ఎంత తెరుచుకుంటే అంత, 300 దగ్గర బహుశా 5.6 లేదా 6.3 ఉంటుంది. షట్టర్ స్పీడ్ 1/1000. ఫోకస్ మోడ్ కదిలేవాటిని వెంటాడేది ఉండాలి. కొన్ని కంపెనీలు దాన్ని ఏఎఫ్-సి అంటాయి, కొన్ని సర్వో అంటాయి. ఫైల్ రా ఫార్మాట్‌లో (సెన్సర్ పట్టిన సమాచారాన్ని దాదాపు ఉన్నదున్నట్టు దాచేది) తీయండి, లేదా రా, జేపెగ్ రెండూ. ఇక్కడి నుంచి మీరు తిప్పాల్సింది షట్టర్ స్పీడ్ చక్రం ఒక్కటే. కొంగ కదలకుండా నిలబడి ఉంటే 1/500కు తగ్గించండి. ఎగిరే సూచన కనిపిస్తే 1/2000కు పెంచండి.

ఐఎస్‌ఓ 3200, 6400కు పోయి ఫొటోలో నలకలు కనిపిస్తే బెంగపడకండి. నలకల్ని ఇప్పటి సాఫ్ట్‌వేర్లు చాలా మటుకు తుడిచేస్తాయి. కదిలిన ఫొటోను మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ సరిగ్గా నిలబెట్టలేదు. ఐఎస్‌ఓ 100 దగ్గర ఉంచాలన్న పట్టుదలతో షట్టర్ స్పీడ్ తగ్గించుకోవడం కొత్తవాళ్లలో చాలా ఎక్కువగా కనిపిస్తుంది. దానికి మూలం ప్రకృతి దృశ్యాలు తీసేవాళ్ల సలహాలు. కొండలు ఎగిరిపోవు కాబట్టి వాళ్లకది చెల్లుతుంది.

మరొకటి, ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్, అంటే కెమెరా ఎంచుకున్న వెలుతురును మనం పెంచడం, తగ్గించడం. కెమెరా తన ముందున్న దృశ్యం మొత్తాన్నీ ఒక మధ్యరకం వెలుతురుకు తేవాలని చూస్తుంది. ఆకాశం మీద గద్దను తీస్తే, ఆకాశం వెలుతురుకు భయపడి మొత్తం తగ్గించేస్తుంది, గద్ద నల్లటి ముద్దలా వస్తుంది. అప్పుడు ప్లస్ 1 నుంచి ప్లస్ 2 దాకా పెంచాలి. ముదురు నీడ ముందు నిలబడ్డ తెల్ల కొంగకు ఇది తిరగబడుతుంది. నీడను చూసి కెమెరా వెలుతురు పెంచుతుంది, కొంగ రెక్కలు తెల్ల కాగితంలా మాడిపోతాయి. అక్కడ మైనస్ 1. మాడిన చోటును మిణుకుమిణుకుమని చూపే హెచ్చరిక మీ కెమెరాలో ఉంటుంది, ఆన్ చేసుకోండి. ఈకల మీద మిణుకు కనిపిస్తే ఇంకాస్త తగ్గించండి.

ఎగిరే పక్షుల దగ్గరికి వద్దాం. పిచుకతోనో లకుముకితోనో మొదలుపెడితే మీకు విరక్తి పుడుతుంది. కొంగ, గద్ద, నీటి మీద తిరిగే తెల్లని గల్ పక్షులు, ఇలాంటి పెద్దవాటితో, నిదానంగా రెక్కలాడించేవాటితో మొదలుపెట్టండి. వెనక ఖాళీ ఆకాశం ఉంటే కెమెరాకు తికమక ఉండదు. జూమ్‌ను వంద దగ్గరికి తగ్గించి, పక్షిని ఫ్రేమ్‌లోకి తెచ్చుకుని, ఫోకస్ అందాక జూమ్ పెంచండి. మొదట్లో బటన్ నొక్కకుండా, పక్షి కనుమరుగయ్యేదాకా దాన్ని ఫ్రేమ్ మధ్యలో నిలపడం మాత్రమే సాధన చేయండి. పాదాలు కదలకుండా నడుము తిప్పాలి, మోచేతులు పక్కటెముకలకు ఆనించాలి. పెద్ద పక్షులకు 1/1600 సరిపోతుంది, చిన్నవాటికి 1/2500 పైన.

ఇంకా ముఖ్యమైన విషయం, అది ఎప్పుడు ఎగురుతుందో, ఎటు ఎగురుతుందో ముందే తెలియడం. పక్షులు సాధారణంగా గాలికి ఎదురుగా లేస్తాయి, గాలికి ఎదురుగానే వాలతాయి. అంటే గాలీ ఎండా రెండూ మీ వీపు వైపు నుంచి వచ్చే రోజు, అవి మీ వైపుకు ముఖం పెట్టి లేస్తాయి. చాలా పక్షులు ఎగిరే ముందు ఒళ్లు ముడుచుకుని ముందుకు వంగుతాయి, రెట్ట వేస్తాయి. కొమ్మ మీది గద్ద రెట్ట వేసిందంటే వేలు బటన్ మీద సిద్ధంగా ఉండాలి. లకుముకి పిట్ట చేపను పట్టాక తరచూ అదే కొమ్మకు తిరిగొస్తుంది కాబట్టి, దాని వెంట కెమెరా తిప్పేకన్నా కొమ్మ మీద ఫోకస్ పెట్టి కాచుకోవడం మేలు. ఇవన్నీ కెమెరా లేకుండా నేర్చుకోవలసినవి. ఒకే జాతి పక్షిని, వీలైతే ఒకే చోట, కొన్ని రోజులు ఊరికే చూడండి. పదిచోట్ల పది రకాల పక్షుల వెంట పరిగెత్తేవాళ్లకన్నా ఇలా చేసేవాళ్లే త్వరగా నేర్చుకుంటారని నా గట్టి నమ్మకం.

బర్స్ట్ (బటన్ నొక్కి ఉంచితే వరసగా ఫొటోలు తీసే పద్ధతి) వాడడానికి మొహమాటపడకండి. ఫ్రెంచి శాస్త్రవేత్త ఎతియెన్ జూల్ మరే 1882లో తుపాకీ ఆకారంలో ఉన్న కెమెరాతో ఎగిరే పక్షులను సెకనుకు 12 ఫ్రేముల వేగంతో తీశాడు. రెక్కలు ఎలా ఆడతాయో తెలుసుకోవడం ఆయన పని. మీ కెమెరా వేగం బహుశా ఆ దరిదాపుల్లోనే ఉంటుంది. రెక్క పైకి లేచినదో, పూర్తిగా కిందికి వచ్చినదో ఉంచుకుని మిగతావి అదే రోజు తీసేయండి, దాచుకుంటే డిస్క్ నిండడం తప్ప ఒరిగేది లేదు. ఒక జాగ్రత్త: శబ్దం రాని ఎలక్ట్రానిక్ షట్టర్‌తో వేగంగా ఆడే రెక్కలు చాలా కెమెరాల్లో వంకరగా వస్తాయి. ఎగిరేవాటికి మెకానికల్ షట్టరే వాడండి.

గూడు విషయం. వద్దు. కదలని పక్షి, తిరిగి అక్కడికే వచ్చే పక్షి దొరికిందని మీకు అనిపించడం సహజమే. కానీ మీరు దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ తల్లి లేచిపోతే గుడ్లు ఎండకో చలికో వదిలేసినట్టవుతుంది. మీరు చూస్తున్న చోటును కాకులూ పిల్లులూ కూడా గమనిస్తాయి. అడ్డొచ్చిన ఆకులు తుంచితే వాటికి దారి చూపినట్టే. రెక్కలు పూర్తిగా రాని పిల్లలు బెదిరి గూట్లోంచి దూకేయడమూ ఉంది. పక్షి కూడా ఊరుకోదు. బ్రిటిష్ ఫొటోగ్రాఫర్ ఎరిక్ హాస్కింగ్ 1937లో గుడ్లగూబ గూటి దగ్గర పని చేస్తుండగా అది గోళ్లతో దాడి చేసింది, ఆయన ఒక కన్ను పోయింది. అంత అనుభవజ్ఞుడికే అలా జరిగింది. మీ ఇంటి కిటికీ లోపలి నుంచి, ఆకులు కదపకుండా, ఫ్లాష్ లేకుండా చూసుకోండి. అవి మీ ఉనికే పట్టనట్టు వచ్చిపోతుంటే అక్కడి నుంచే రెండు ఫొటోలు తీసుకున్నా పర్వాలేదు. పిల్లలు ఎగిరిపోయేదాకా ఆ ఫొటోలు ఎవరికీ పంపకండి. అలాగే ఫోన్‌లో పక్షి కూత వినిపించి దాన్ని రప్పించే అలవాటు చేసుకోవద్దు. మరో మగపక్షి తన చోటులోకి వచ్చిందనుకుని అది మేత మానేసి వెతుకుతూ తిరుగుతుంది.

ట్రైపాడ్ అక్కర్లేదు. మీ 70-300 తేలికపాటి లెన్స్, చేత్తోనే పట్టండి. ట్రైపాడ్ సర్దుకునేలోపు పిట్ట వెళ్లిపోతుంది.

మరి పెద్ద లెన్స్ ఎప్పుడు? పైన చెప్పిన నాలుగు రకాల మసక మీ ఫొటోల్లో అరుదైపోయి, దగ్గరున్న పిట్టల ఈకలు లెక్కపెట్టేంత స్పష్టంగా వస్తూ, అప్పటికీ దగ్గరికి రానివ్వని గద్దలూ బురదనేలల పక్షులే మీకు కావాలనిపిస్తే, అప్పుడు. 600 దాకా వెళ్లే జూమ్‌లు సుమారు 2 కిలోల బరువుంటాయి. అందుకని కొనేముందు ఒక్క రోజుకు అద్దెకు తీసుకుని, తెల్లవారినప్పటి నుంచి మోసి, ఎగిరే పక్షిని అందులో వెతికి పట్టుకోవడం ఎంత కష్టమో చూసి, మర్నాటి భుజం నొప్పిని కూడా లెక్కలోకి తీసుకుని నిర్ణయించుకోండి. అదీ అప్పు లేకుండా.